రాజుల ఓడ

మా అమ్మమ్మ అన్న ఓడెక్కి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంతే. ఎక్కడికంటే రంగం, అంటే బర్మాలోని రంగూన్. ఆ రోజుల్లో కళింగపట్నం చుట్టుపక్కల ఊరు విడిచి సముద్రం దాటినవాడెవడైనా రంగానికే పోయాడని లెక్క. మిగతా వివరాలు అడిగితే అమ్మమ్మ తడుముకునేది కానీ ఓడ పేరు దగ్గర మాత్రం తడబడేది కాదు. "రాజుల ఓడరా. రాజుల ఓడెక్కి ఎల్లిపోనాడు మాయన్న" అనేది.

నేనప్పుడు డిగ్రీలో చరిత్ర చదువుతున్నాను. రెండు పుస్తకాలు చదివినవాడికి ఉండే ధీమా నాకు పుష్కలంగా ఉండేది. ఒక సంక్రాంతికి వాకిట్లో అందరూ కూర్చుని ఉండగా, "రాజులెవరే అమ్మమ్మా ఆ ఓడలో! కూలీలని గొడ్లని కుక్కినట్టు కుక్కి తీసుకుపోయేవారు. రాజులెక్కే ఓడలోకి మనోణ్ణి రానిస్తారా?" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మమ్మ కూడా నవ్వింది. అంతకుముందే ఆవిడ "ఆ ఓడలోన..." అని ఏదో మొదలుపెట్టింది. నా మాట అయ్యాక దాన్ని పూర్తి చెయ్యలేదు. ఒళ్ళో పత్తి సర్దుకుని వత్తులు చేసుకోవడంలో పడిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ నా ముందు అన్న ఊసు తనంతట తానుగా ఎత్తలేదు.

ఆవిడ 1991లో పోయింది. కర్మలయ్యాక దేవుడి గూట్లో పసుపు డబ్బా దులిపితే ఒక రాగి నాణెం దొరికింది. నలుచదరంగా, మూలలు గుండ్రంగా ఉంది. అన్న ఒకసారి ఇంటికొచ్చినప్పుడు చెల్లెలి చేతిలో పెట్టినదట. మా ఇంట్లో దాన్ని రంగం బేడ అనేవారు. రెండణాల బేడ మన దగ్గరా నలుచదరంగానే ఉండేది కాబట్టి, ఇది రాగిలో ఎందుకుందని ఎవరూ ఆలోచించలేదు. ఒక వైపు కిరీటం పెట్టుకున్న అయిదో జార్జి తల, చుట్టూ ఇండియా చక్రవర్తి అని ఇంగ్లీషు అక్షరాలు. రెండో వైపు పసుపూ చిలుమూ పట్టి అరిగిపోయింది. ఇండియా అని ఉంది కదా, మన డబ్బే అనుకుని జేబులో వేసుకున్నాను. వెతకడం అక్కణ్ణుంచే మొదలైంది. ఇన్నాళ్ళూ లేని ఆసక్తి ఇప్పుడెందుకని మా అమ్మ అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

ఓడని పట్టుకుంటే మనిషి దొరుకుతాడని నా నమ్మకం. దానికి కారణం ఉంది. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్ళిన మనవాళ్ళ గురించి చదివాను. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకూ 1,52,184 మంది ఒప్పందం కూలీలుగా ఆ రేవులో దిగారు. ప్రతి ఓడకీ ఒక జాబితా ఉంది. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుంది, గాటు ఎక్కడుంది, అన్నీ రాసి ఉంటాయి. డర్బన్ నుంచి ఎవరైనా ఆ కాగితం పట్టుకుని మన పల్లెకొస్తే ముత్తాత ఎడమ మోకాలి మీది మచ్చ సంగతి కూడా చెప్పగలరు. మా వాడికీ అలాంటి కాగితం ఒకటి ఎక్కడో ఉండే ఉంటుందనుకున్నాను.

రంగం దారిలో అలాంటిదేమీ లేదు. అక్కడికి పోయేవాడు టికెట్టు కొనుక్కునో, మేస్త్రీ దగ్గర అప్పు తీసుకునో డెక్కు మీద చాప పరుచుకుని పోయేవాడు. వాణ్ణి ఎవరూ రాసుకోలేదు, ఎంతమంది ఎక్కారో లెక్క మాత్రం పెట్టుకున్నారు. అయిదేళ్ళకి కట్టేసి తీసుకుపోయినవాడి ఒంటి మీద మచ్చ కూడా కాగితానికెక్కింది, వాడు పారిపోతే పట్టుకోవాలి కాబట్టి. తన కాళ్ళ మీద తాను వెళ్ళినవాడి పేరైనా మిగల్లేదు. ఈ తేడా అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అయినా పట్టు వదల్లేదు. మనిషి దొరక్కపోతే కనీసం వాణ్ణి మోసిన ఇనుమైనా దొరకాలి.

అలా చాలా ఏళ్ళు, సెలవులన్నీ రంగానికే ధారపోశాను. ఆ చదువు వృథా అని అనను, మా వైపు సముద్రాన్ని నేను అప్పుడే తెలుసుకున్నాను. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, ఇలా రేవు రేవునా బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగేవి. నల్లటి పొగగొట్టం మీద రెండు తెల్ల పట్టీలు ఆ కంపెనీ గుర్తు. ఒడ్డుకి రావు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, జనం మసూలా పడవల్లో అలల మీద ఎగురుకుంటూ వెళ్ళి ఓడ పక్కన వేలాడే నిచ్చెన పట్టుకోవాలి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. 1931 నాటికి రంగూన్ పట్నంలో సగం మందికి పైగా మన దేశంవాళ్ళే. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. కాకినాడ పక్కన, ఉప్పెనకి కొట్టుకుపోయిన మన కోరంగి రేవు పేరు అది. ఇక్కడ రేవు పోయింది గానీ అక్కడ మనుషులకి దాని పేరు మిగిలిపోయింది.

ఇంత చదివాక మా తాత కథ నా చేతిలో చక్కగా అమిరింది. ఆయన ఒకసారి ఇంటికి తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళాడు కదా. ఎందుకొచ్చాడో నేను కనిపెట్టేశాను. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలాక వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న గొడవలు మొదలై వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఎంతోమంది ప్రాణాలరచేత పెట్టుకుని ఓడలెక్కి వచ్చేశారు. వాళ్ళలో మా తాత ఒకడు. ఇంత నిండుగా ఉన్న కథని బంధువుల పెళ్ళిళ్ళలో చెప్పాను, ఒక పత్రికలో వ్యాసంగా కూడా రాశాను.

అమ్మమ్మ చెప్పిన మూడు ముక్కలు మాత్రం ఆ కథలో ఇమడలేదు. ఒకటి రాజుల ఓడ. రెండోది, అన్న ముందు రైలెక్కి చెన్నపట్నం వెళ్ళాడనీ, అక్కడ క్యాంపులో కొన్నాళ్ళు ఉంచారనీ. ఇంటి ముందరి రేవులో రంగం ఓడ ఆగుతుంటే ఇంతదూరం చెన్నపట్నం ఎందుకు పోతాడు? మూడోది, "పాల ధర పడిపోయిందని తోలేసినారట" అని. అంటే రంగంలో పాల వ్యాపారం కూడా పెట్టాడన్నమాట! ముసలావిడ, నాలుగు కథలు కలిపేసింది అనుకుని మూడింటినీ పక్కన పడేశాను. వ్యాసంలో వాటి ప్రస్తావనే లేదు.

నా కథ కూలిపోయింది ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో కాదు, దాని ఎదురుగా టీ కొట్టు దగ్గర. లోపల పాత పత్రికల్లో ఓడల రాకపోకల కాలమ్‌లు చూసి కళ్ళు మండి బయటికొచ్చాను. బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన, "ఏటి బాబూ ఎతుకుతున్నావు?" అన్నాడు. చెన్నైలో ఆ యాస విని తుళ్ళిపడ్డాను. శ్రీకాకుళం వైపు వాడేమో అనుకున్నాను. కాదు, మలేషియావాడు. పుట్టింది పేరాక్‌లో, అక్కడి తోటలో. వాళ్ళ నాన్న పుట్టిన ఊరు ఎక్కడుందో వెతుక్కోవడానికి వచ్చాడు. చొక్కా ప్యాంటు ఈ కాలానివే గానీ నోట్లో ఉన్న తెలుగు మాత్రం మా అమ్మమ్మ తరంది. ఓడ మీద తీసుకెళ్ళినదాన్ని వాడకుండా దాచుకున్నట్టు ఎక్కడా అరగలేదు.

మర్యాదకి అడిగాను, మీ నాన్నగారు ఏ ఓడలో వెళ్ళారని.

"ఇంకే ఓడ బాబూ, రాజులా" అన్నాడు.

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే చెప్పాడు. వేలితో బల్ల మీద నీళ్ళతో ఇంగ్లీషు అక్షరాలు రాసి చూపించాడు.

రాజులా. గుజరాత్‌లో ఆ పేరుతో ఒక ఊరుంది. బ్రిటిష్ ఇండియా కంపెనీకి తన ఓడలకి 'ఆ'తో ముగిసే పేర్లు, చాలావరకు మన ఊళ్ళ పేర్లు, పెట్టే అలవాటు. 1926లో గ్లాస్గోలో బార్‌క్లే కర్ల్ వాళ్ళు కట్టారు. ఎనిమిదిన్నర వేల టన్నుల ఓడ. డెక్కు మీదే 5,000కి పైగా జనాన్ని ఎక్కించుకునేందుకు అనుమతి ఉండేది. మద్రాసు, నాగపట్నం, పినాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూర్, ఇదీ దాని దారి. రంగం కాదు. దానికి రోనా అని ఒక తోబుట్టువు ఓడ ఉండేది. అది 1943 నవంబరు 26న మధ్యధరా సముద్రంలో జర్మన్ల బాంబుకి మునిగింది, వెయ్యి మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. రాజులా మాత్రం యుద్ధంలో సైనికుల్ని మోసి బతికి బయటపడి, మళ్ళీ మన జనాన్ని మోస్తూ 1973 దాకా తిరిగింది. చివర్లో మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని రంగత్ అని పేరు మార్చింది. మరుసటి ఏడే తుక్కుకింద విడగొట్టేశారు. రంగత్ అండమాన్‌లో ఒక ఊరు. రంగం వెతుక్కుంటూ పోయినవాడికి రంగత్ దొరికిందని ఆ రోజు నామీద నేనే జోకేసుకున్నాను.

అంటే మా ఇంట్లో అందరమూ నమ్మిన మాట తప్పు, అందరమూ నవ్విన మాట నిజం. అమ్మమ్మ గొప్పలకి పోలేదు. విన్న పేరుని విన్నట్టు చెప్పింది. దాని చివర ఓడ అన్న మాట చేర్చేసరికి అది తెలుగై, రాజులొచ్చి ఎక్కి కూర్చున్నారు. సముద్రం అవతల ఉన్నదంతా ఆవిడ తరానికి రంగమే. ఊరి పేరు పదిమంది నోట నలిగి మారిపోతుంది. చెల్లెలు అన్న నోట విని దాచుకున్న పేరు అలా నలగదు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని ఆలోచిస్తే, ఓడ పేరు ఆవిడ నోట అంత సంబరంగా రావడమే నాకు అనుమానంగా తోచిందని తెలిసింది. పేదవాళ్ళ కథలో సంబరం ఉంటే అది అబద్ధమై ఉంటుందని నేనే తీర్మానించేశాను.

తర్వాత మిగతావి తమంతట అవే విడిపోయాయి. మలయా తోటలకి కూలీల్ని పంపే క్యాంపులు రెండుండేవి, ఒకటి నాగపట్నంలో, రెండోది మద్రాసు పక్కన ఆవడిలో. చెన్నపట్నం రైలు, క్యాంపు అదే. తోటలోనే పనిచేసే కంగాణీ, అంటే కూలీల మేస్త్రీ, లైసెన్సు పట్టుకుని సొంత ఊరికొచ్చి, బంధువుల్నీ తెలిసినవాళ్ళనీ కూడగట్టి తీసుకుపోయేవాడు. ఓడ చార్జీ తోటల యజమానులు కట్టిన నిధిలోంచి ఇచ్చేవారు.

పాల సంగతి ఆ పెద్దాయనే చెప్పాడు. రబ్బరు చెట్టుకి తెల్లవారకముందే గాటు పెడితే చిప్పలోకి కారేది పాలే. తోటల్లో అందరూ అలాగే అంటారు. 1930లో ప్రపంచమంతా ధరలు పడిపోయినప్పుడు రబ్బరు ధర నేలకి దిగింది. పని లేని కూలీల్ని ప్రభుత్వం సొంత ఖర్చుతో ఓడలెక్కించి మన దేశానికి పంపేసింది. పాల ధర పడిపోయిందని తోలేశారు. ఇంతకంటే సూటిగా ఆ సంక్షోభం గురించి నేనే పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు, నా క్లాసులో పిల్లలకీ చెప్పలేదు.

ఆ రాత్రి లాడ్జిలో నాణేన్ని చింతపండుతో తోమి భూతద్దం కింద పెట్టాను. అరిగిన వైపు గుండ్రని చుక్కల వలయంలో ఒకటి అంకె. చుట్టూ స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్, ఒక సెంటు, 1920. పినాంగ్, మలక్కా, సింగపూర్‌లలో చెల్లిన కాసు. రంగంలో అప్పుడు మన రూపాయే నడిచేది. ఇండియా చక్రవర్తి అన్న మాట ఒక్కటి చదివి రెండో వైపు తోమకుండా ఇన్నేళ్ళు జేబులో పెట్టుకు తిరిగాను.

పేరు మాత్రం దొరకలేదు. సింగపూర్ పాత పత్రికల్ని ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. రాజులా వచ్చిందనీ, పోయిందనీ ఎన్నోసార్లు ఉంది. పై తరగతుల దొరల, దొరసానుల పేర్లు వరసగా ఉంటాయి. డెక్కు మీదివాళ్ళు ఒట్టి అంకె. ఆ అంకెల్లో ఏదో ఒకదాంట్లో ఒకటి మా తాత. ఓడ చేసిన మేలల్లా కాలాన్ని కుదించడం. ధరలు పడిపోయాక ఆగిన కూలీల ప్రయాణం 1934లో మళ్ళీ మొదలైంది. 1938 జూన్‌లో మన ప్రభుత్వం మలయాకి కూలీల్ని పంపడం నిషేధించింది. ఆయన రెండోసారి వెళ్ళింది ఆ నాలుగేళ్ళలోనే. "నా పెళ్ళికి ముందేడు ఎల్లిపోనాడు" అని అమ్మమ్మ అనేది. ఆవిడ పెళ్ళి 1937లో జరిగింది. ఇంతకన్నా దగ్గరికి ఏ కాగితం తీసుకెళ్ళలేదు, ఆవిడ మాటే తీసుకెళ్ళింది. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్ళు మలయాలో దిగారు. ఉత్తరాలు ఆగిపోయింది యుద్ధం నాడే అని ఇంట్లో అందరూ అంటారు. ఆ ఒక్కటీ అప్పుడూ సరిగ్గానే చెప్పుకున్నాం.

పత్రికలో రాసిన వ్యాసానికి సవరణ పంపాను. వేసుకోలేదు. పోనివ్వండి, నా కథ దానికంటే అందంగానే ఉంది మరి.

"ఆ ఓడలోన..." తర్వాత ఏముందో నాకు తెలియదు. అయిదు వేలమంది మధ్య ఆయనకి పడుకునే చోటు ఎక్కడ దొరికిందో, ఏం తిన్నాడో, ఎవరు పాడారో, ఎవరైనా పోతే సముద్రంలో వేశారో. లాయిడ్స్ రిజిస్టర్‌లో ఆ ఓడ పొడవు, వెడల్పు, ఇంజన్ల వివరం అన్నీ ఉన్నాయి. ఆ వాక్యం మిగతా సగం మాత్రం మా వాకిట్లో, ఆ సంక్రాంతి నాడు, నా చేతుల్లోనే పోయింది.

మొన్న వేసవిలో పెద్దమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఎనభై అయిదు దాటింది. చెవులు సరిగ్గా వినపడవు గానీ మాట స్పష్టం. మామయ్య గురించి అమ్మమ్మ నీకేమైనా చెప్పిందా అని గట్టిగా అడిగాను.

"సెప్పకేటి. తెలికల ఆసన్న కాడ పనికి కుదిరినాడట. ఆడింటికాడ ఓ గోపురం, ఓ పక్కకి ఒరిగిపోయి, ఇప్పుడో అప్పుడో పడిపోయేటట్టుండేదట."

గానుగాడించే తెలికల ఆసన్న, ఒరిగిన గోపురం. పక్కనున్న మా బావ కూతురు ఫక్కున నవ్వింది. నేను నవ్వలేదు. పుస్తకం తీసి ఆవిడ అన్నది అన్నట్టు, ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాను.

తిరుగు బస్సులో ఫోన్లో మలేషియా పటం తెరిచాను. పేరాక్ నది వెంబడి వేలితో జరుపుకుంటూ వస్తే, సముద్రానికి కాస్త ముందు నది మెలికలు తిరిగే చోట తెలుక్ ఇంతాన్ అని ఉంది. ఆ చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో తెలుగువాళ్ళు నేటికీ ఉన్నారు. 1885లో అక్కడ నీళ్ళ కోసం కట్టిన గడియార గోపురం ఒకటి, కింద నేల మెత్తనై, ఒక పక్కకి ఒరిగి ఇంకా నిలబడే ఉంది. ఆ ఊరి పేరు 1982లో మారింది. అంతకుముందు తెల్లవాళ్ళు పెట్టిన పేరు తెలుక్ ఆన్సన్.

ఇల్లు చేరగానే పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"ఆసన్న గురించి అమ్మమ్మ ఇంకేమైనా చెప్పిందా పెద్దమ్మా?"

"ఏం, ఆడు నీకెరికేటి?"

"ఎరగను పెద్దమ్మా. నువ్వు చెప్పు."